పాటకీ ఒక ఖాందాన్ ఉంటుంది

మన ఇళ్ళల్లో సంబంధం మాటలు మొదలైతే పెద్దలు ముందుగా అడిగేది ఖాందాన్. ఎవరి అబ్బాయి, నానిహాల్ ఏ ఊరు, దాదా ఏం చేసేవాడు? సూరత్, నౌకరీ తర్వాతి మాట. పాత రికార్డుల షౌక్ ఉన్నవాళ్ళ ఆదత్ కూడా ఇదే. పాట బాగుందా లేదా అన్నది ఒక సవాల్. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు వాయించారన్నది ఇంకో సవాల్. అమెరికా జాజ్ సంగీతంలో ఈ రెండో సవాల్‌కి జవాబ్ వెతకడం ఒక ఇల్మ్‌గానే తయారైంది.

ఆ ఇల్మ్ అవసరం మామూలు శ్రోతకి కూడా పడిందంటే దానికి కారణం సస్తా ఆల్బమ్‌లు. యూరప్‌లో ఒకప్పుడు రికార్డు మీద కంపెనీ హఖ్ 50 ఏళ్ళే. అందుకని 1940ల నాటి జాజ్ 1990ల్లో ఏడాదికి కొంత చొప్పున ఆజాద్ అవుతూ వచ్చింది. ఎవరైనా పాత రికార్డు నఖల్ తీసి, కొత్త అట్ట వేసి అమ్ముకోవచ్చు. నాలుగేసి, పదేసి సీడీల డబ్బాలు చాలా తక్కువ ధరకి దుకాణాల్లోకి వచ్చాయి. 2011లో యూరోపియన్ యూనియన్ ఆ గడువుని 70 ఏళ్ళకి పెంచింది కానీ, అప్పటికే గడువు తీరినవాటిని వెనక్కి తీసుకోలేదు. అమెరికా 2018లో చేసిన చట్టం 1940ల మధ్య రికార్డులకి 100 ఏళ్ళ హిఫాజత్ ఇచ్చింది. మన దేశంలో ఆ గడువు 60 ఏళ్ళు. అంటే అదే పాట ఒక ముల్కులో కంపెనీ మిల్కియత్, ఇంకో ముల్కులో లావారిస్ మాల్!

సస్తాగా దొరకడం ఐబ్ కాదు. జేబులో పైసలు లేని కుర్రాడికి కూడా చార్లీ పార్కర్ అందాడంటే మంచిదే. ఐబ్ అట్ట వెనక ఉంది. అక్కడ పాటల పేర్లుంటాయి, నిమిషాలుంటాయి. చాలాసార్లు తారీఖు ఉండదు, స్టూడియో ఉండదు, పక్కన వాయించినవాళ్ళ పేర్లుండవు. ఆవాజ్ వచ్చింది కానీ షజ్రా తెగిపోయింది.

తెగిపోతే ఏమవుతుందో ఒక మిసాల్ చూడండి. ఒక డబ్బా మీద 'కో-కో' అని ఉంది. ఏ కో-కో? డ్యూక్ ఎల్లింగ్టన్ ఆర్కెస్ట్రా 1940 మార్చి 6న షికాగోలో రికార్డు చేసిన కో-కో ఒకటి. చార్లీ పార్కర్ 1945 నవంబర్ 26న న్యూయార్క్‌లో చేసిన కో-కో ఇంకొకటి. పేరు ఒకటే, రెండింటికీ ఖూన్ కా రిష్తా లేదు. అలాగే పార్కర్ పాట 'నౌజ్ ద టైమ్'. 1945లో ఒకసారి చేశాడు, 1953లో వేరే కంపెనీకి మళ్ళీ చేశాడు. వింటే తేల్చుకోవచ్చు. 1945 దాంట్లో శాక్సోఫోన్ పక్కన ట్రంపెట్ ఉంది, 1953 దాంట్లో ట్రంపెట్ లేదు. పేరు మార్చుకున్న పాటలూ ఉన్నాయి. 1945లో 'థ్రైవింగ్ ఆన్ ఎ రిఫ్' అన్న ధున్ తర్వాత 'ఆంత్రొపాలజీ' అనే పేరుతో మషూర్ అయింది.

చెవి ఒక్కటే చాలనప్పుడు ఆసరా మాట్రిక్స్ నంబర్. పాత 78 రికార్డు మీద లేబుల్‌కీ గాడులకీ మధ్య నున్నటి చోటు ఉంటుంది కదా, అక్కడ ఫ్యాక్టరీవాళ్ళు చెక్కిన అంకెలుంటాయి. ఏ రోజు ఏ పాట ఎన్నోదిగా రికార్డయిందో ఆ అంకె చెబుతుంది. ఆ పక్కన టేక్ నంబర్, అంటే అదే పాటని ఎన్నోసారి వాయించింది ఇది అని. లేబుల్ మారుతుంది, అట్ట మారుతుంది, కంపెనీ చేతులు మారుతుంది, మాట్రిక్స్ నంబర్ మాత్రం మారదు.

ఈ అంకెల్ని మొదట వరసలో పెట్టినవాళ్ళు యూనివర్సిటీ ప్రొఫెసర్లు కారు, షౌకీన్ మనుషులు. ప్యారిస్‌లో చార్ల్స్ డెలానే 1936లో 'హాట్ డిస్కోగ్రఫీ' అనే కితాబ్ వేశాడు. ఇంగ్లండ్‌లో బీబీసీ గ్రామఫోన్ లైబ్రరీలో నౌకరీ చేసిన బ్రయన్ రస్ట్ 1897 నుంచి 1942 దాకా వచ్చిన జాజ్ రికార్డుల ఫెహరిస్త్ తయారుచేశాడు. రోజు, ఊరు, మనుషులు, సాజులు, మాట్రిక్స్, ఏయే కంపెనీ ఏ నంబర్‌తో వేసింది. చూస్తే పట్వారీ ఖాతాలా ఉంటుంది. భూమి ఎవరిదో పహాణీలో చూసినట్టు పాట ఎవరిదో అందులో చూసుకోవచ్చు.

ఇప్పుడు పార్కర్ కో-కో పహాణీ తీద్దాం. మాట్రిక్స్ 5853, టేక్ 2. కంపెనీ సవాయ్. న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో హెర్మన్ లుబిన్‌స్కీ పెట్టిన దుకాణం. పైసల దగ్గర అతను పక్కా అని సంగీతకారుల్లో పేరు. పార్కర్‌కి 25 ఏళ్ళు. ట్రంపెట్ మీద 19 ఏళ్ళ మైల్స్ డేవిస్, డ్రమ్స్ మీద 21 ఏళ్ళ మాక్స్ రోచ్, బాస్ మీద కర్లీ రసెల్.

టేక్ 1 మధ్యలోనే ఆగిపోయింది. రే నోబుల్ 1938లో రాసిన 'చెరొకీ' అనే పాట ధున్‌లోకి వాళ్ళు నేరుగా వెళ్ళిపోవడం వింటే తెలుస్తుంది. ఆ ధున్ రికార్డు మీదికి ఎక్కితే నోబుల్ హక్కుదారులకి రాయల్టీ కట్టాలి. టేక్ 2లో ధున్ వదిలేశారు, దాని కింద ఉన్న స్వరాల ఢాంచా మాత్రం ఉంచుకున్నారు. ఆ ఢాంచా మీద పార్కర్ మూడు నిమిషాల లోపు చేసిన కమాల్‌ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2002లో జాతీయ రికార్డుల రిజిస్ట్రీలో మొదటి జాబితాలోనే చేర్చింది.

ఇక అసలు సవాల్. ఈ పాటలో ట్రంపెట్ ఎవరిది? ఎన్నో అట్టల మీద మైల్స్ డేవిస్ అని ఉంటుంది. కానీ కో-కోలో ట్రంపెట్ డిజ్జీ గిలెస్పీది. ఆ మొదలు తనవల్ల కాలేదని డేవిస్ తర్వాత తన ఆత్మకథలో తనే చెప్పాడు. మరి పియానో? రావలసిన బడ్ పావెల్ రాలేదు. మొదటి రికార్డుల మీద పియానో దగ్గర 'హెన్ గేట్స్' అనే ఫర్జీ పేరు వేశారు. ఆ పేరు వెనక ఉన్నది గిలెస్పీ. ఆయన ఒకే పాటలో ట్రంపెట్, పియానో రెండూ ఎలా వాయిస్తాడు? అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు, లేబుల్ మీద లేడు. ఆయన ఆర్గోన్ థార్న్‌టన్. 'థ్రైవింగ్ ఆన్ ఎ రిఫ్'లో వినిపించే పియానో ఆయనదే. కో-కో దగ్గర కూడా గిలెస్పీ పక్కన ఆయన పేరుని డిస్కోగ్రఫీలు రాస్తాయి.

1919లో మిన్నెసోటా రాష్ట్రంలోని డలూత్‌లో పుట్టిన ఈ థార్న్‌టన్ 1947లో ఇస్లాం ఖబూల్ చేసి సాదిఖ్ హకీమ్ అయ్యాడు. ఆ రోజుల్లో నల్లజాతి సంగీతకారులు చాలామంది ఇలా కొత్త పేర్లు తీసుకున్నారు. ఎడ్మండ్ గ్రెగరీ సాహిబ్ షిహాబ్ అయ్యాడు, లెనర్డ్ గ్రాహమ్ ఇద్రీస్ సులేమాన్ అయ్యాడు. వాళ్ళకి అది ఇజ్జత్ సంగతి. రికార్డులు వెతికేవాళ్ళకి మాత్రం అదొక ముష్కిల్. 1945 జాబితాలో ఒక పేరు, 1948 జాబితాలో ఇంకో పేరు. రెండూ ఒకే మనిషివని తెలియకపోతే ఆ జీవితం రెండు ముక్కలైపోతుంది.

సాదిఖ్ హకీమ్‌కి ఇది ఒక్కసారే జరగలేదు. ఇద్రీస్ సులేమాన్‌తో కలిసి ఆయన 'ఎరొనెల్' అనే ధున్ కట్టాడు. లెనోర్ అనే పేరుని తిరగేస్తే ఎరొనెల్. థెలోనియస్ మంక్ 1951లో దాన్ని బ్లూ నోట్ కంపెనీకి రికార్డు చేశాడు. ఏళ్ళ తరబడి రచయితగా మంక్ పేరొక్కటే ఉంది. మిగతా ఇద్దరి పేర్లు చేరడానికి చాలాకాలం పట్టింది.

పేరు ఉత్త మాట కాదు, పేరు వెంట పైసలుంటాయి. 'నౌజ్ ద టైమ్' ధున్‌కి అచ్చం తోబుట్టువు లాంటి 'హకిల్‌బక్' అనే పాటని అదే సవాయ్ కంపెనీ 1949లో పాల్ విలియమ్స్ బృందంతో విడుదల చేసింది. అమెరికా ఆర్ అండ్ బి చార్ట్‌లో అది 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. రచయిత పేరు ఆండీ గిబ్సన్. పార్కర్ పేరు లేదు. ఆరేళ్ళకి, 1955లో, 34 ఏళ్ళ వయసులో పార్కర్ చనిపోయాడు.

ఇక్కడ మన గౌహర్ జాన్ గుర్తొస్తుంది. 1902లో కలకత్తాలో రికార్డు చేసినప్పుడు పాట ముగిశాక ఆమె తన పేరు తానే గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడివాళ్ళకి ఇది ఎవరి పాటో తెలియాలని ఆ ఏర్పాటు. అట్ట చింపినా, లేబుల్ పీకినా ఆ పేరు పోదు, ఆవాజ్‌లోనే కలిసిపోయింది. పియానో వాయించేవాడికి ఆ సౌకర్యం లేదు. ఆయన పేరు ఇంకొకరు రాయాల్సిందే, రాసినదాన్ని ఇంకొకరు కాపాడాల్సిందే.

సస్తా డబ్బా ఇంట్లో ఉంటే పారేయకండి, ఫోన్‌లో అలాంటి ఆల్బమ్ వింటున్నా ఆపకండి. పాట పేరు, నిడివి, ఏయే సాజులు వినిపిస్తున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. డిస్కోగ్రఫీలో ఆ కళాకారుడి జాబితా తీసి పోల్చండి. గంట పని. తారీఖు దొరుకుతుంది, మాట్రిక్స్ దొరుకుతుంది, ఆ రోజు ఆ గదిలో కూర్చున్న మనుషులు దొరుకుతారు. 'థ్రైవింగ్ ఆన్ ఎ రిఫ్' దగ్గరికి వచ్చినప్పుడు, అట్ట మీద ఖాళీ ఉంటే, పెన్నుతో రాయండి: పియానో, సాదిఖ్ హకీమ్.