పాత బేస్ ఆంప్లిఫైయరు, స్పీకరు బాక్సు జత

బేస్ గిటారు వంటి వాద్యాల మంద్రస్వరాలను స్పీకరు కోనును కదిలించగలిగేంత బలమైన విద్యుత్ సంకేతంగా పెంచే పరికరం బేస్ ఆంప్లిఫైయరు. ఆ స్పీకరును బిగించిన చెక్కపెట్టెను వాడుకలో బాక్సు అంటారు. నాలుగు తీగల బేస్ గిటారులో లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది కనుక దానిని వినిపించాలంటే పెద్ద కోను ఎక్కువ గాలిని తోయాలి. ఉపన్యాసాలకు కట్టే గరాటా మైకులకు ఆ శక్తి లేదు.

ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా వాన కురిసే అనంతపురం మెట్టసీమలో మైకుసెట్ల గిరాకీ గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగ, కదిరి నరసింహస్వామి తేరు, వినాయక చవితి వంటి వేడుకలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఇక్కడి ఎర్రదుమ్ము ఫ్యాను రంధ్రాల్లోనూ వాల్యూం మరల్లోనూ చేరుతుంది కనుక, మర తిప్పినప్పుడు గరగరమంటే అది చాలావరకు శుభ్రం చేస్తే పోయే లోపమే.

జత కుదర్చడంలో వాట్ల కన్నా ఓములు ముఖ్యం. ఓము అంటే విద్యుత్ ప్రవాహాన్ని అడ్డుకునే నిరోధానికి కొలమానం. 8 ఓముల బాక్సులు రెండింటిని సమాంతరంగా కలిపితే నిరోధం 4 ఓములకు పడిపోయి, కరెంటు రెట్టింపై, అంత తక్కువ నిరోధాన్ని తట్టుకోలేని ఆంప్లిఫైయరులో ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మైకుసెట్ల వెనుక 4, 8, 16 ఓముల బిందువులతో పాటు 100 వోల్టుల బిందువు కూడా ఉంటుంది. అది దూరదూరంగా కట్టే, ట్రాన్స్‌ఫార్మరు బిగించిన హార్నుల కోసం. పొరపాటున దానికి మామూలు 8 ఓముల బాక్సు తగిలిస్తే, పూర్తి వోల్టేజి దగ్గర 1,250 వాట్లు అడిగినట్టే, 250 వాట్ల సెట్టు ఇవ్వగలిగినది అందులో అయిదో వంతు మాత్రమే. వాల్వు ఆంప్లిఫైయర్ల తీరు వేరు: వాటిని బాక్సు తగిలించకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవచ్చు.

కొనే ముందు బాక్సు తీగలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు క్షణం పాటు తాకిస్తే కోను 'టప్'మని కదలాలి. మల్టీమీటరు పెడితే 8 ఓముల స్పీకరు సుమారు 6 ఓములు చూపడం సహజం. కోనును వేళ్లతో సమంగా నొక్కినప్పుడు రాపిడి వినిపిస్తే లోపలి కాయిలు దెబ్బతిన్నట్టే. ఆంప్లిఫైయరును అరగంట వాయించి చూడాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కాలిన వాసన వచ్చే సెట్టును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.