పసివారి చూపునకు విడిచిన వ్యవధి

ఆంగ్లదేశమున టెలివిజన్ ఇంటింటికిని ప్రవేశించుచున్న తొలినాళ్లలో, బి.బి.సి. వారు సాయంకాలము ఆరు గంటలకు ప్రసారములను నిలిపివేసి, మరల ఏడు గంటలకు గాని ప్రారంభింపకుండెడివారు. బిడ్డలు తెర ముందునుండి లేచి, భోజనము ముగించుకొని, పేచీ లేకుండ పక్క చేరుటకై పెద్దలు బుద్ధిపూర్వకముగా ఖాళీగా విడిచిన గంట అది. 1955లో ప్రకటనల ఆదాయముపై నడచు వాణిజ్య ప్రసారములు మొదలైన పిమ్మట ఆ విరామ నియమము వానికిని వర్తించుటచే ఆ గంట సొమ్ము రాని గంటగా పరిణమించెను. 1957 ఫిబ్రవరిలో ఆ నియమము తొలగిపోయెను. పసిబిడ్డ గల తండ్రిగా నేను ఈ చరిత్రను పరిశీలించిన కొలదియు నాకు దృఢపడిన అభిప్రాయ మొక్కటే: పిల్లల కార్యక్రమము యొక్క యోగ్యత అందు చూపిన బొమ్మలలో కంటె, బిడ్డకు విడిచిన వ్యవధిలో ఎక్కువగా నున్నది.

అదే బి.బి.సి.లో ఫ్రీడా లింగ్‌స్ట్రోమ్, మరియా బర్డ్ అను ఇరువురు స్త్రీలు 1950లో కల్పించిన 'ఆండీ పాండీ' బుట్టలో నివసించు ఒక దారపుబొమ్మ కథ. అందు సాహసములు లేవు, ప్రమాదములు లేవు. బొమ్మ ఆడును, గంతులు వేయును, చూచుచున్న బిడ్డ కూడ అట్లే చేయవలెనని తెర వెనుకనుండి ఒక స్త్రీకంఠము ఆహ్వానించును. ఇట్టి కార్యక్రమములను పిమ్మట 'వాచ్ విత్ మదర్' అను పేరు క్రింద చేర్చిరి. తల్లి ప్రక్కన కూర్చుండునను నమ్మకము మీదనే వాని నిర్మాణము సాగెను.

అమెరికాలో ఈ నిదానమును వ్రతముగా చేపట్టినవాడు ఫ్రెడ్ రోజర్స్. పిట్స్‌బర్గ్ నగరపు స్థానిక కేంద్రమున 1954 నుండి బొమ్మల వెనుక నిలిచి పనిచేసిన ఆయన, 1968 ఫిబ్రవరిలో దేశవ్యాప్తముగా ప్రారంభమైన 'మిస్టర్ రోజర్స్ నైబర్‌హుడ్'లో తానే తెర ముందుకు వచ్చి, కోటు విప్పి స్వెట్టరు తొడిగికొని, బూట్లు మార్చుకొనుచు, ఆ పనికి ఎంతసేపు పట్టునో అంతసేపును తొందర లేక తీసికొనెడివాడు. మీరు చేపలకు మేత వేయుచున్నారో లేదో కనబడక నాకు బెంగగా నున్నదని ఒక అంధబాలికనుండి జాబు వచ్చినపుడు, ఆనాటినుండి తొట్టిలో మేత చల్లుచు ఆ మాటను పైకి చెప్పసాగెను. అసంఖ్యాకులైన ప్రేక్షకులలో ఒక్క బిడ్డ బెంగ తీర్చుటకు పలికిన ఆ చిన్న వాక్యము, శిశువిద్యపై వెలువడిన అనేక గ్రంథములకంటె నాకు గొప్పగా కనబడును.

1966లో న్యూయార్కున జోన్ గాంజ్ కూనీ ఇంట జరిగిన ఒక విందులో, కార్నెగీ సంస్థలో పనిచేయుచుండిన లాయిడ్ మోరిసెట్, తన చిన్నకూతురు వేకువనే లేచి, ప్రసారములింకను మొదలుగాని తెరపై కదలని పరీక్షాచిత్రమునే చూచుచు కూర్చుండెనని చెప్పి, ఈ పెట్టె పిల్లలకు చదువు చెప్పగలదా అని అడిగెను. ఆ ప్రశ్ననుండి 1969 నవంబరు 10న 'సెసమీ స్ట్రీట్' జన్మించెను. ఎడ్వర్డ్ పామర్ అను పరిశోధకుడు బిడ్డను గదిలో కూర్చుండబెట్టి, ఒక వైపు కార్యక్రమమును, మరియొక వైపు ఏడున్నర సెకండ్ల కొకసారి మారు స్లైడులను చూపుచు, ఆ చూపు ఎప్పుడు ప్రక్కకు మరలునో వ్రాసికొనెను. బొమ్మలను మనుష్యులతో కలుపరాదని మనస్తత్వవేత్తలు తొలుత సలహా చెప్పియుండగా, ఆ యేడు జూలైలో ప్రయోగముగా చూపినపుడు, మనుష్యులు మాత్రమే గల వీథి దృశ్యములలో పిల్లల చూపు చెదరుట స్పష్టమయ్యెను. అంతట నిర్మాతలు పండితుల మాట ప్రక్కనబెట్టి, పసికన్నుల తీర్పునే శిరసావహించి, బిగ్ బర్డ్ అను మహాకాయపు పక్షిని, చెత్తకుండీలో నివసించు ఆస్కారును ఆ వీథిలోనికి తెచ్చిరి. పిల్లలను ఇంతగా గమనించి చేసిన కార్యక్రమము అంతకుముందు లేదు. అయినను, చూపును పట్టియుంచు విద్య ఒకసారి తెలిసిన పిదప, సదుద్దేశము లేని చేతులకును అది చిక్కును.

1996లో వచ్చిన 'బ్లూస్ క్లూస్' ఆ విద్యను గ్రహించి, దానికి రోజర్స్ నిదానమును జోడించెను. అందలి యువకుడు ప్రశ్న అడిగి, తెరలోనుండి బిడ్డవైపు చూచుచు, జవాబునకై మాటలాడక నిలుచును. ఒకే భాగమును వరుసగా అయిదు దినములు ప్రసారము చేసెడివారు. పెద్దలకు విసుగైన ఈ పునరావృత్తి, నిన్న తెలియనిది నేడు తెలిసినదను గెలుపును పసివారికి ఇచ్చును. మా అమ్మాయి మూడవయేట, అట్టి నిశ్శబ్దమున, చేతిలోని అన్నపుముద్దను మరచి లేచి, తెరపై పాదముద్ర ఉన్నచోట వ్రేలు పెట్టి, "అదిగో, అక్కడుంది!" అని అరచుటయు, మఱునాడు ప్రశ్న రాకమునుపే జవాబు చెప్పి నావైపు తిరిగి చూచుటయు నేనెఱుగుదును. క్షణక్షణమును దృశ్యము మారు పాటలను చూచునపుడు ఆమె నోట ఒక్క మాటయైనను వెలువడలేదు.

మన భాషలో పిల్లల నోటికి ముందుగా చోటిచ్చినది రేడియో. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు కేంద్రమునుండి నడపిన కార్యక్రమమున పిల్లలే వచ్చి పాడిరి, కథలు చెప్పిరి. ఆ దంపతులు తెలుగునాట రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయిరి. టెలివిజన్ మాత్రము హైదరాబాదు నగరముకంటె ముందు మన పల్లెలకు వచ్చెను. 1975 ఆగస్టు 1 మొదలు ఏడాదిపాటు 'సైట్' అను ఉపగ్రహ ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ప్రసారములను అందించినపుడు, ఆంధ్రప్రదేశ్ పల్లెబడుల పిల్లలు ఉదయమున ఒకే పెట్టె ముందు గుమిగూడి తెలుగు కార్యక్రమములను చూచిరి. హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది 1977 అక్టోబరు 23న. పల్లెబడులలో ఇరువది రెండున్నర నిమిషములకు ఆ ఉదయపు బొమ్మలు ఆగిపోయెడివి. ఆగిన వెనుక బడి ఉండెను, చూచినదానిని గురించి మాటలాడుకొనుటకు తోటివారుండిరి.

నేటి చేతిఫోనులో ఆ ఆగుట లేదు. ఒక పాట ముగిసీ ముగియకమునుపే తరువాతిది తనంతట తాను మొదలగును. 'ఇక చాలు' అను మాట తల్లియో తండ్రియో చెప్పవలసినదే గాని ఫోను చెప్పదు. రెండు మొదలు అయిదేండ్ల వయస్సువారికి దినమునకు ఒక గంట మించరాదనియు, ఆ గంటయు పెద్దలు ప్రక్కనుండి చూడవలెననియు అమెరికా శిశువైద్యుల సంఘము 2016లో సూచించెను. వంట ముగియువరకు బిడ్డ చేతికి ఫోను ఇచ్చు తల్లిని నేను నిందింపను; ఆ పావుగంట ఆమెకు ఎంత అవసరమో నాకు తెలియును. నా విన్నపము తెలుగులో పసివారికై పాటలు, కథలు నిర్మించువారికి: బిడ్డను ఒక ప్రశ్న అడుగుడు, అడిగి, అయిదు సెకండ్లు ఊరకుండుడు, కథ ముగిసినపుడు ముగిసినదని చెప్పుడు.