కాన్పుల గదిలో పంతులమ్మలు

1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో నలుగురు ఆడవాళ్లు చేరారు. వాళ్లలో మేరీ షార్లీబ్ అనే ఇంగ్లీషావిడ బారిస్టరు భార్య. పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించుకోలేక, కాన్పు కష్టమై కన్నుమూస్తున్నారని విని ఆమె ఊరుకోలేకపోయారు. మొదట ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రిలో పని నేర్చుకున్నారు. అది చాలదనిపించి, పూర్తి వైద్యవిద్య కావాలని పట్టుబట్టారు.

ఆడవాళ్లకు ఆ కాలేజీ తలుపులు తెరిపించడంలో ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే మిలిటరీ సర్జన్ పాత్ర పెద్దది. మద్రాసు మ్యూజియం పెట్టిన బాల్ఫరే ఈయన. కాంక్వెస్ట్ అనే డాక్టరు రాసిన మంత్రసాని విద్య పుస్తకాన్ని హిందుస్తానీలోకి తానే అనువదించాడు. తెలుగు, తమిళం, కన్నడం అనువాదాలు వేరేవాళ్ల చేత చేయించి, సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. ప్రసూతి పాఠం మన భాషలో అచ్చు కావాలని ఒక వైద్యాధికారి జేబులోంచి ఖర్చు పెట్టాడంటే, ఆ పని ఎంత అవసరమని నమ్మాడో తెలుస్తుంది.

నా ఉద్యోగ జీవితమంతా విశాఖపట్నంలో ప్రసూతి వార్డులో పాఠాలు చెబుతూనే గడిచింది. పుస్తకం విలువ నాకు తెలుసు. కానీ ఈ విద్య చేతికి అబ్బాలి. మొదటిసారి లేబర్ రూమ్ డ్యూటీకి వచ్చిన పిల్లల్ని తల్లి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె అనుమతి అడిగాకే అరచేయి పొట్ట మీద ఆనించమనేదాన్ని. పది నిమిషాలు చేయి తియ్యకూడదు, కన్ను గడియారం మీద ఉండాలి. గర్భసంచి ఎప్పుడు గట్టిపడింది, ఎన్ని సెకన్లకు వదులైంది, పది నిమిషాల్లో అలా ఎన్నిసార్లు వచ్చింది, ఇదంతా కాన్పు ఎలా సాగుతోందో నమోదు చేసే పార్టోగ్రాఫులో గుర్తు పెట్టాలి. తల్లి మూలగకముందే చేతికి నొప్పి తెలుస్తుంది. అది తెలిసిన క్షణాన విద్యార్థి ముఖం మారిపోతుంది. దీన్ని ఏ బల్ల ముందు కూర్చోబెట్టీ నేర్పలేం. మంచాలు, రోగులు, పక్కన నిలబడి చెప్పే మనిషి ఉండాలి.

షార్లీబ్ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. ఆమె 1878లో మద్రాసులో చదువు ముగించి, లండన్ వెళ్లి 1882లో డిగ్రీ పుచ్చుకుని, మరుసటి ఏడాది తిరిగొచ్చారు. మంచి ప్రాక్టీసు పెట్టుకుని హాయిగా ఉండొచ్చు. కానీ ఆమె మెడికల్ కాలేజీలో ప్రసూతి పాఠాలు చెప్పారు, 1885లో ఆడవాళ్లకోసమే ఒక ఆసుపత్రి మొదలుపెట్టించారు. దానికి పక్కా భవనం కట్టడానికి వెంకటగిరి రాజావారు లక్ష రూపాయలిచ్చారు. మద్రాసు జనం చాలాకాలం ఘోషా (పరదా) ఆసుపత్రి అన్నది దాన్నే. నేటి పేరు కస్తూరిబా గాంధీ ఆసుపత్రి. ఆరోగ్యం చెడి 1887లో షార్లీబ్ దేశం విడిచినా, ఆసుపత్రి నిలిచింది.

తర్వాతి పోరాటం వెల్లూరులో జరిగింది. ఐడా స్కడర్ 1918లో అక్కడ ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టారు. ఇచ్చేది ఎల్.ఎం.పి. డిప్లొమా. 1930ల చివర్లో ఆ చదువు చెల్లదని, యూనివర్సిటీ డిగ్రీ స్థాయి ఉండాలని నియమం వచ్చింది. అంటే ఎక్కువ మంచాలు, పై చదువులున్న ప్రొఫెసర్లు, బోలెడు డబ్బు కావాలి. డెబ్బయ్యేళ్ల వయసులో స్కడర్ అమెరికా వెళ్లి చందాలు పోగుచేశారు. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది.

ఆ సంస్థకు 1948లో డైరెక్టరైన తొలి భారతీయురాలు మా విశాఖపట్నం ఆడపడుచే. హిల్డా లాజరస్ 1890లో ఇక్కడ పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ప్రసూతి శాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్నారు. విమెన్స్ మెడికల్ సర్వీసులో చేరిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఢిల్లీలో ఆడపిల్లల వైద్యవిద్యకోసం పెట్టిన లేడీ హార్డింజ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1961లో పద్మశ్రీ వచ్చింది. డాక్టరుగా పేరు తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఎవరిని పాఠానికి పెట్టాలి, వార్డు ఎలా నడవాలి అని తేల్చే కుర్చీలో మన దేశపు స్త్రీ కూర్చోవడం ఆ రోజుల్లో చాలా అరుదు.

విజయవాడలో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ ఇంకో దారి పట్టారు. చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి కూతురామె. గర్భిణులకూ బాలింతలకూ అర్థమయ్యే తెలుగులో ‘ప్రసూతి – శిశుపోషణ’ రాశారు. 1957లో లోక్‌సభకూ వెళ్లారు. రోగి మంచం దగ్గర చెప్పే మాటను ఇంటింటికీ చేరవేసిన మనిషే చట్టసభలోనూ అడుగుపెట్టారు.

వీళ్లంతా వైద్యం దగ్గర ఆగలేదు. ఒకరు సీటు అడిగారు, ఒకరు వార్డు కట్టించారు, ఒకరు నిధులు తెచ్చారు, ఒకరు కుర్చీ బాధ్యత మోశారు. మా తరం టీచర్లకు ఇవన్నీ సిద్ధంగా అందాయి. అందుకే కొందరు, మన పని పాఠం చెప్పడం వరకే, పోస్టులూ మంచాలూ అధికారులు చూసుకుంటారు అంటుంటారు. నేను ఒప్పుకోను. ఒక్కో మంచం మీద ఇద్దరు బాలింతల్ని పడుకోబెట్టిన వార్డులో ఎంత గొప్ప టీచరైనా సరిగ్గా నేర్పలేరు. రాత్రి డ్యూటీలో సీనియర్ లేకపోతే, నేర్చుకునే పిల్లా ప్రమాదంలో పడుతుంది, తల్లీ పడుతుంది. ఆ సంగతి ఫైలు చూసేవారికంటే, తల్లి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న టీచరుకే ముందు తెలుస్తుంది. తెలిసినవాళ్లే వెళ్లి అడగాలి, అధికారులు విసుక్కున్నా మళ్లీ అడగాలి. కొత్తగా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నేను చెప్పేదొక్కటే: పాఠం ఎంత శ్రద్ధగా తయారుచేస్తారో, మంచాలకోసం రాసే అర్జీ కూడా అంత శ్రద్ధగా తయారుచేయండి.