బాలధనము: సంరక్షకుని తొలగించు న్యాయము

తండ్రి గతించిన ఇంట పసిబిడ్డల సొత్తునకు ఎవరో యొకరు పెత్తనము వహింపక తప్పదు. పెదతండ్రియో, మేనమామయో, తాతయో ఆ భారమును పైని వేసికొనును. కౌలు వసూలు చేయుట, శిస్తు చెల్లించుట, అప్పులు తీర్చుట, పిల్లలకు చదువు చెప్పించుట ఇవన్నియు ఆయన చేతిమీదుగనే జరుగును. పెక్కు కుటుంబములలో ఈ భారము ధర్మబుద్ధితోడనే నిర్వహింపబడుచున్నది. కాని కంచెయే చేను మేయు సందర్భములును లేకపోలేదు. అట్టి వేళ ఇంటివారు నోరు మెదపరు. పెద్దవానిని లెక్క యడుగుట అమర్యాద యనియు, న్యాయస్థానమున కేగుట వంశమునకు తలవంపులనియు తలంతురు. ఈ మొగమాటమువలన నష్టపోవువాడు మాట రాని పసివాడు.

సంరక్షకుని తొలగించి వేఱొకని నియమించుట ఇంగ్లీషు కోర్టులు తెచ్చిపెట్టిన క్రొత్త యాచారమని యెంచువారు కొందఱు గలరు. ఆ యూహ సరికాదు. ఈ న్యాయ మెంత ప్రాచీనమో, ఎట్లు పెరిగి నేటి రూపము దాల్చినదో ఇచట కొంత విచారింపదలచితిమి. విచారించునపుడు ఒక్క ప్రశ్నను ఎదుట నుంచుకొందము: బాలుని పక్షమున వచ్చి అడుగువారెవరు?

మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున రాజధర్మములు చెప్పుచు, బాలునికి దాయముగా వచ్చిన ధనమును అతడు గురుకులమునుండి మరలి వచ్చువఱకు గాని, బాల్యము దాటువఱకు గాని రాజు కాపాడవలెనని విధించినది. ఆ వెంటనే సంతానము లేని స్త్రీలు, వితంతువులు, రోగపీడితలు మున్నగువారి సొత్తునకును ఇట్టి రక్షణమునే చెప్పి, వారు జీవించి యుండగా ఆ సొత్తును హరించు బంధువులను దొంగలను దండించినట్లే దండింపవలెననినది. ఇచట స్మృతికర్త పరులను పేర్కొనలేదు, బంధువులనే పేర్కొనెను. అసహాయుల సొత్తునకు అపాయము ఇంటిలోనుండియే రాగలదని ఆయన యెఱుగును గదా.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఇంకొక విశేషము కలదు. బాలుని ద్రవ్యమును అతడు వ్యవహారయోగ్యుడగువఱకు గ్రామవృద్ధులు వృద్ధి చేయవలెనని యందు చెప్పబడినది. ఊరక దాచియుంచిన చాలదు, పెంపవలెను. స్త్రీకి పండ్రెండేండ్లు, పురుషునికి పదునాఱేండ్లు వ్యవహారయోగ్యమైన వయస్సని ఆ గ్రంథము నిర్ణయించినది. ఈ విధులు ఉదారములే. కాని రక్షకుడే తప్పు చేసినచో ఎవరు పోయి చెప్పుకొనవలెను, ఎట్లు విచారింపవలెను, వాని స్థానమున నెవనిని నిలుపవలెను అను క్రమము ఈ వాక్యములలో లేదు. రాజు చల్లనివాడైన బాలుడు బ్రతుకును, లేనిచో లేదు.

ఆ క్రమము ఎట్లుండవచ్చునో తెలియుటకు రోమకుల న్యాయమును చూడవలెను. క్రీ. శ. 533వ సంవత్సరమున జస్టినియను చక్రవర్తి విద్యార్థులకై వెలువరింపించిన న్యాయగ్రంథమున అనుమానమునకు పాత్రులైన సంరక్షకులను గూర్చి ఒక ప్రకరణమే కలదు. అట్టి సంరక్షకునిపై ఎవరైనను ఫిర్యాదు చేయవచ్చును. సాధారణముగా ఇట్టి వ్యవహారములలో స్త్రీలకు ప్రవేశము లేకున్నను, బిడ్డపై గల ప్రేమచే ముందునకు వచ్చిన తల్లి, దాది, అవ్వ, అక్కచెల్లెండ్రు ఇందు ఫిర్యాదు చేయవచ్చునని అనుమతించిరి. కపటముచే తొలగింపబడినవానికి అపకీర్తి యంటును. అజాగ్రత్తచే తొలగింపబడినవానికి అంటదు. దుర్బుద్ధి గలవాడు జామీను ఇచ్చెదనన్నను వానిని ఉంచరాదు. ఏలనన జామీను వాని బుద్ధిని మార్చదు, దోచుకొనుటకు ఇంకను కొంత గడువు మాత్రమే యిచ్చును. మఱి పేదవాడైనను నమ్మకము, శ్రద్ధ గలవానిని పేదఱికము చేతనే తీసివేయరాదు. ఇంత సూక్ష్మముగా నాలోచించిన ఆ న్యాయవేత్తలును ఒక్క తలుపు మూసియే యుంచిరి. పసివాడు తన సంరక్షకునిపై తానుగా ఫిర్యాదు చేయరాదు.

ఇక మన దేశమునకు మరలి వత్తము. కుంపిణీవారి దొరతనమున మొదట బాలధనముపై దృష్టి పడినది దయచే కాదు, శిస్తు కొఱకు. జమీందారు పసివాడైనచో పేష్కషు నిలిచిపోవునను భయముచే వంగరాష్ట్రమున 1793లోను, మద్రాసు రాజధానిలో 1804లోను కోర్టు ఆఫ్ వార్డ్సు అను వ్యవస్థ నేర్పఱచిరి. పేరునకు కోర్టే గాని ఇది రెవిన్యూ బోర్డువారి యధికారము. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకులైన పిఠాపురాధీశ్వరుల బాల్యమున వారి సంస్థానము ఈ పాలనముననే యుండెను. అయితే పెద్ద జమీలకు దొరకిన ఈ రక్షణము పది యెకరముల రైతుబిడ్డకు దొరకలేదు.

పంతొమ్మిదవ శతాబ్ది నడుమ సామాన్యుల సంగతియు విచారణకు వచ్చినది. 1856లో ప్రీవీ కౌన్సిలువారు హనుమాన్ ప్రసాదు పాండే వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, బాలుని ఆస్తిని నిర్వహించువాడు దానిని తాకట్టు పెట్టు నధికారము పరిమితమైనదనియు, అవసరమున గాని ఆస్తి మేలునకు గాని మాత్రమే దానిని వినియోగింపవలెననియు నిర్ణయించిరి. వంగమున 1858లోను, బొంబాయిలో 1864లోను మైనర్లను గూర్చి వేర్వేఱు చట్టములు పుట్టినవి. తుదకు 1890లో ఎనిమిదవ ఆక్టుగా సంరక్షకుల చట్టము వెలసినది. అదియే సవరణములతో నేటికిని అమలున నున్నది.

ఈ చట్టపు ముప్పదితొమ్మిదవ సెక్షను మా పాఠకులు తెలిసికొనదగినది. నమ్మకమును దుర్వినియోగము చేసినను, విధులను ఎడతెగక ఉపేక్షించినను, వానిని నిర్వహింపజాలకున్నను, బాలుని హింసించినను, సరిగా పోషింపకున్నను, కోర్టు ఉత్తరువులను మొండితనముతో ధిక్కరించినను, శీలదోషమును తెలుపు నేరమునకు శిక్ష నొందినను, బాలుని మేలునకు విరుద్ధమైన స్వలాభము కలిగి యున్నను, కోర్టు ఎల్లలు దాటి కాపురము మార్చినను, ఆస్తి సంరక్షకుడు దివాలా తీసినను కోర్టువారు వానిని తొలగింపవచ్చును. తండ్రి మరణశాసనమున నియమించినవానినైనను తొలగింపవచ్చును గాని, స్వలాభము గలదన్న ఒక్క కారణముచే కదలించుటకు ముందు, తండ్రి అది యెఱిగియే నియమించెనా యని చూతురు.

ఇవి కారణములు. ఇక మన ప్రశ్నకు ఈ చట్టమిచ్చిన యుత్తరము మఱింత ముఖ్యము. సంబంధము గలవారెవరైనను అర్జీ పెట్టుకొనవచ్చును. ఎవరును రాకున్నచో కోర్టు తనంత తానుగా పూనుకొనవచ్చును. స్థానము ఖాళీ యైనపుడు వేఱొకని నియమింపవచ్చును. దిగిపోవువాడు తన చేతనున్న ఆస్తిని, లెక్కలను అప్పగింపవలెను. అలసినవాడు గౌరవముతో తానుగా తప్పుకొనుటకును మార్గము కలదు. మరణశాసనములను అమలు జరుపు కార్యనిర్వాహకుల విషయమునను ఇట్టి యేర్పాటే కలదు. 1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము ప్రొబేటు పొందినవాడు ఆఱు మాసములలో ఆస్తి పట్టికను, ఏడాదిలో జమాఖర్చులను కోర్టునకు చూపవలెను. తగిన కారణమున్న హైకోర్టువారు వానిని తొలగించి, మఱొకని నియమించి, ఆస్తిని ఆతని వశము చేయుదురు.

ఇట్లు బంధువులు, కోర్టు మాటలాడుటకు త్రోవ యేర్పడినది. మఱి బాలుని మాట? దానికి సమాధానము ఒక తెలుగు కుటుంబపు వ్యాజ్యమున వచ్చినది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్యగారు ఉద్యోగము చాలించుకొని 1909లో అడయారు దివ్యజ్ఞాన సమాజమున చేరిరి. 1910 మార్చిలో తమ కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందుల సంరక్షణమును అనీబిసెంటుగారికి అప్పగించుచు లేఖ వ్రాసి యిచ్చిరి. ఆమె బాలురను ఇంగ్లండునకు కొనిపోయెను. తరువాత తండ్రి మనస్సు మారి, 1912లో బిడ్డలను తిరిగి యిమ్మని చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేసిరి. అది మద్రాసు హైకోర్టునకు మార్పబడినది. 1913లో అచట తండ్రి పక్షమున తీర్పు వచ్చినది. అప్పీలునను అదియే నిలిచినది. 1914లో ప్రీవీ కౌన్సిలువారు దానిని త్రోసివేసిరి.

ఆ తీర్పులోని మాటలు ఏ పక్షమువారికిని పూర్తిగా అనుకూలములు కావు. తండ్రి సంరక్షకత్వము పవిత్రమైన నిక్షేపము వంటిదనియు, బ్రతికియుండగా దానిని పరులకు శాశ్వతముగా దత్తము చేయజాలడనియు, బిడ్డల మేలు కోరినచో ఎట్టి ఒడంబడిక యున్నను అప్పగించినదానిని మరల తీసికొనవచ్చుననియు చెప్పిరి. కాని ఆ యప్పగింతవలన బిడ్డలకు క్రొత్త యనుబంధములు, ఆశలు ఏర్పడి, వానిని భంగపఱచుట వారికే కీడైనచో కోర్టు అడ్డుపడగలదనిరి. ఇంగ్లండున నున్న బాలురు చెంగల్పట్టు కోర్టు ఎల్లలలో నివసించువారు కారనియు, వారి మనోగతమును క్రింది కోర్టులు కనుగొనలేదనియు ఆక్షేపించిరి. తండ్రియు అనీబిసెంటుగారును వాదించుకొనుచుండగా, ఎవరిని గూర్చి వాదమో వారినే అడుగ మఱచిరి. తండ్రి దుఃఖము సామాన్యమైనది కాదు. దానిని మేము తేలికగా చూడము. అయినను అంతకు పూర్వము పెద్దల హక్కుగా కనబడినది ఈ వ్యాజ్యమున పెద్దల బాధ్యతగా తేలినది.

తరువాతి చట్టములు ఈ త్రోవనే నడచినవి. 1956 నాటి హిందూ మైనారిటీ సంరక్షక చట్టము బిడ్డ మేలే సర్వప్రధానమని శాసించినది. కన్నతండ్రియైనను కోర్టు అనుమతి లేక మైనరు స్థిరాస్తిని విక్రయింపరాదు. సంరక్షకునిగా తన్ను తాను నిలుపుకొన్న బంధువునకు ఆ యాస్తిని అమ్ముటకు గాని తాకట్టు పెట్టుటకు గాని అధికారమే లేదు. అయితే ఆ చట్టము తండ్రిని ముందుంచి, తల్లిని అతని తరువాత నుంచినది. 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు ‘తరువాత’ యను మాటకు మరణానంతరమనియే అర్థము కాదనియు, తండ్రి బిడ్డల బాగోగులు చూడనిచో అతడు జీవించి యుండగనే తల్లి సంరక్షకురాలు కాగలదనియు వ్యాఖ్యానించిరి.

ఇంతయు చెప్పుటలో మా యుద్దేశము బంధువులను శంకింపుమని కాదు. అన్నదమ్ముల బిడ్డలను తమ బిడ్డలకంటె మిన్నగా పెంచిన మహనీయులు మన యూళ్లలో నెందఱో కలరు. అట్టివారికి లెక్క చెప్పుట భారము కాదు, భూషణము. ఏటేట ఉగాదికో సంక్రాంతికో జమాఖర్చుల పుస్తకమును తల్లి యెదుట, ఎదిగిన పిల్లల యెదుట విప్పి చూపు నాచారము ప్రతి యింటను నెలకొనినచో సగము వ్యాజ్యములు పుట్టనే పుట్టవు. చూపుటకు నిరాకరించినపుడు మాత్రము వితంతువైన తల్లి సిగ్గుపడి యూరకుండరాదు. ఇరుగుపొరుగువారు మనకేల యని మొగము త్రిప్పుకొనరాదు. చట్టము తలుపు తెఱచియే యుంచినది. ఆ గడప దాటి బిడ్డ పక్షమున ఒక మాట చెప్పుట వంశమునకు తలవంపులు కాదు. బిడ్డ యెదిగి నా తండ్రి సొత్తేమైనదని యడిగిన నాడు సమాధానము లేక నిలువవలసి వచ్చుటయే తలవంపులు.