అత్త గదిలో శబ్దం

రాత్రిపూట ఇంట్లో ఏదైనా శబ్దం వినబడితే ముందు గడియారం చూడడం నాకు అలవాటు. తర్వాతే లైటు వేస్తాను. “బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది? శబ్దానికి కూడా ఎంట్రీ వేస్తారా?” అని మా ఆవిడ నవ్వుతుంది. ఈ అలవాటు వెనుక మా ఇంటి సంగతి ఒకటి ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలని వెతుక్కుంటూ పోతే వరాహమిహిరుడి దాకా, అక్కడినుంచి అమెరికాలో ఒక చిన్న ఊరి దాకా పోవలసి వచ్చింది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మాది ధర్మపురి జిల్లా పెరియంపట్టి. 1965 దాకా ఈ సీమంతా సేలం జిల్లాలోనే ఉండేది. అంతకు ముందు దీన్ని బారామహల్ అనేవారు. 1792లో టిప్పు సుల్తాను చేతినుంచి కుంపిణీవాళ్ళ చేతికి వచ్చింది. ప్రభుత్వాలు ఎన్ని మారినా మావంటి కుటుంబాల్లో మాత్రం ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

1982లో నాకు పన్నెండేళ్ళు. ఆ ఏడు మాఘమాసంలో మా మేనత్త భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై దాటలేదు. పిల్లలు లేరు. మాది మంగుళూరు పెంకుల ఇల్లు, రెండే గదులు. నాయన పెరటి వసారాకు గోడలు కట్టించి, పైన కొత్త జింకు రేకులు వేయించి అత్తకు గదిగా ఇచ్చాడు.

ఆమె అందులో కాపురం పెట్టిన నెలకు ఎండలు ముదిరాయి. శబ్దం అప్పుడే మొదలైంది. దీపాలు పెట్టిన తర్వాత ‘టప్’మని ఒకటి. కాసేపటికి ఇంకొకటి. ఒక్కోసారి వరసగా నాలుగైదు. పది గంటలయ్యేసరికి సద్దుమణిగేది. నాయన టార్చి వేసుకుని మేడమెట్ల కింద, చింతచెట్టు మీద, అటక మీద వెతికాడు. పిల్లి లేదు, ఎలుక లేదు. వాన పడిన రెండు రాత్రులు మాత్రం శబ్దం రాలేదు. “అమ్మవారు చల్లబడింది” అన్నారు. మళ్ళీ ఎండ కాసింది, మళ్ళీ వచ్చింది.

మా అవ్వ మాత్రం మొదటిరోజే “పైన ఏదో పెట్లుతోంది” అని పడుకుంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. పక్కింటివాళ్ళు నన్ను అడిగితే నేను తమిళంలో చెప్పిన జవాబు వేరు: “అత్తె రూమ్లె యారో తట్టరాంగ.” అత్త గదిలో ఎవరో తడుతున్నారు అని. రెండు రోజుల్లో ఆ మాట వీధి చివరిదాకా పోయింది.

తట్టేవాడు ఎవరు అనే ప్రశ్న దానంతటదే పుట్టింది. పోయిన మామే అన్నారు కొందరు. ఆమె వెంట ఏదో వచ్చింది అన్నారు కొందరు. అంతలో ఒకనాడు తెల్లవారుజామున గుడుగుడుప్పాండి వచ్చాడు. చేతిలో చిన్న ఢమరుకం ఆడిస్తూ జక్కమ్మ పలికిందంటూ మంచిచెడ్డలు చెప్పే ఈ మనుషుల్ని తమిళనాడులో ఉన్నవాళ్ళెవరూ ఎరగకపోరు. సుబ్రహ్మణ్య భారతి వాళ్ళ బాణీలోనే ‘పుదియ కోణంగి’ రాశాడు. వీధిలో తమిళంలో జోస్యం చెప్పే వీళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆయన మా గుమ్మం ముందు నిలబడి, కొత్తగా వచ్చిన మనిషితోబాటు కొత్త శబ్దం వచ్చిందని, మనిషి కదిలితే శబ్దం కదులుతుందని చెప్పి బియ్యం పట్టించుకుని పోయాడు. వీధిలో అంతకు ముందే విన్నమాట మాకే తిప్పి చెప్పాడని ఇప్పుడు తెలుస్తోంది.

వైశాఖంలో అత్తను కుప్పంలో ఉన్న పెత్తాత ఇంటికి పంపించేశారు. బస్సెక్కుతూ నా తల నిమిరి, “బాగా చదువుకో నాయనా” అంది. ఆమె వెళ్ళాక వానలు పట్టాయి. శబ్దం పోయింది. గుడుగుడుప్పాండి మాట నిజమైందని ఊరంతా అనుకుంది. మేమూ అనుకున్నాం. మళ్ళీ ఎండాకాలం వచ్చేలోపల నాయన ఆ గదిని గడ్డివామి చేశాడు. రాత్రిళ్ళు అటు పోయి వినేవాళ్ళు లేరు.

ఇంటి శబ్దానికి అర్థం చెప్పే పని మనకు కొత్తది కాదు. పంచాంగం తిరగేస్తే బల్లి పలుకుకు, బల్లి పాటుకు ఫలితాలు కనబడతాయి. ఏ దిక్కున పలికితే ఏమవుతుంది, ఒంటిమీద ఎక్కడ పడితే ఏమవుతుంది అని పట్టిక. దీన్నే గౌళి శాస్త్రం అంటారు. దోషం పోవడానికి కంచి వరదరాజస్వామి కోవెల్లో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి రావడం మనవాళ్ళకు ఈనాటికీ ఉంది. ఆ పట్టికను నేను ఎగతాళి చేయను. అందులో ఒక సుగుణం ఉంది. శబ్దం ఏ దిక్కున, ఏ వేళ అని అది అడుగుతుంది. మా ఇంట్లో మేము ఆ పాటి ప్రశ్న కూడా అడగలేదు.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ఇంకా పెద్దమనిషి. ‘బృహత్సంహిత’లో శకునాలకు అధ్యాయాలకు అధ్యాయాలే కేటాయించాడు. భూకంపాల మీద ఒక అధ్యాయం ఉంది. అందులో ఆయన ముందుగా తన తీర్పు చెప్పడు. నీటిలో ఉండే మహాజంతువుల కదలిక అని కొందరు, భూమిని మోసి అలసిన దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలిని గాలి ఢీకొని చప్పుడుతో నేలమీద పడడం అని కొందరు, ప్రజల అదృష్టఫలం అని కొందరు అంటున్నారని అందరి అభిప్రాయాలూ వరసగా పెడతాడు. పధ్నాలుగు వందల ఏళ్ళ తర్వాత మా వీధిలో నాలుగు అభిప్రాయాలు వినే ఓపిక లేకపోయింది. ఒక్కటి దొరికింది, అదే చాలనుకున్నాం.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో మూడస్ అని ఒక ఊరుంది. ఆ పేరుకు మూలమైన ఆదివాసుల మాట ‘మాకిమూడస్’ అంటే చప్పుళ్ళ చోటు అని అర్థం చెబుతారు. అక్కడ నేలలోంచి ఫిరంగులు పేలినట్టు శబ్దాలు వస్తుండేవి. 1729లో స్టీఫెన్ హాస్మర్ అనే పాదిరీ ఆ శబ్దాల గురించి ఒక ఉత్తరం రాశాడు. ఈ చప్పుళ్ళు ఎందుకని అడిగితే ఒక ముసలి ఆదివాసి, ఇంగ్లీషువాళ్ళ దేవుడు ఇక్కడికి వచ్చినందుకు మా దేవుడికి కోపం వచ్చింది అన్నాడట. కొత్తగా వచ్చినవాళ్ళ మీదికే పోయిందన్నమాట అక్కడ కూడా. కాకపోతే అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళు బలవంతులు, వాళ్ళను బస్సెక్కించి పంపడం ఎవరివల్లా కాలేదు. 1980లలో శాస్త్రజ్ఞులు అక్కడ పరికరాలు పెట్టి చూశారు. నేలలోపల బాగా పైపైనే పుట్టే అతి చిన్న భూకంపాలవల్ల ఆ మోత వస్తోందని తేలింది. లోతు తక్కువ కావడంవల్ల, చేతికి తెలియని అదురు కూడా చెవికి తెలుస్తుంది.

మనవాళ్ళ మధ్య ఇలాంటిదే 2020 అక్టోబరులో హైదరాబాదు బోరబండలో జరిగింది. భూమిలోంచి పెద్ద శబ్దాలు వచ్చి, జనం ఇళ్ళు వదిలి రాత్రిళ్ళు వీధుల్లో గడిపారు. హైదరాబాదులోనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు వచ్చి సీస్మోగ్రాఫులు పెట్టారు. రిక్టర్ మానం మీద 2 కంటే తక్కువ తీవ్రత గల ప్రకంపనలు నమోదయ్యాయి. వాననీరు రాతి పగుళ్ళలోకి దిగి ఒత్తిడి మారడంవల్ల ఇలా జరుగుతుందని వాళ్ళు చెప్పారు. మరుసటి ఏడు చివర, పెద్ద వానల తర్వాత, చిత్తూరు జిల్లా రామకుప్పం మండలంలోని పల్లెల్లోనూ ఇలాంటి శబ్దాలే వచ్చి జనం భయపడ్డారు. ఆ మండలం మా అత్తను పంపిన కుప్పానికి పక్కనే. పేపర్లో ఆ వార్త చదివినరోజు నాకు అన్నం సహించలేదు.

శబ్దాలన్నీ ఉత్తివే, భయపడకండి అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మహారాష్ట్రలో కిల్లారి వాసులు 1992లో ఎన్నో చిన్న ప్రకంపనలు చవిచూశారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కొట్టకముందే పెద్ద భూకంపం వచ్చి దాదాపు పదివేలమంది పోయారు. దయ్యమని జడుసుకున్నా, ఏమీ లేదులే అని తోసేసినా జరిగేది ఒకటే: ఆరా ఆగిపోతుంది.

ఇక మా ఇంటి లెక్క. అది 2008లో తేలింది. అప్పుడు నేనున్న అద్దె ఇంట్లో స్కూటరు పెట్టుకునే షెడ్డుకు జింకు రేకులు ఉండేవి. ఒక వేసవి రాత్రి అక్కడినుంచి ‘టప్’మని వినబడింది. ఇరవయ్యారేళ్ళ తర్వాత అదే శబ్దం. ఒళ్ళు ఝల్లుమంది. ఈసారి నోటుపుస్తకం తీశాను. తేదీ, వేళ, ఆనాటి ఎండ, మబ్బు, వాన అని గళ్ళు గీసుకున్నాను. మూడు వారాల్లో బాలన్సు తగిలింది. ఎండ ఎక్కువ కాసినరోజు శబ్దాలు ఎక్కువ. మబ్బు పట్టినరోజు ఒకటో అరో. వాన రాత్రి సున్నా. పొద్దున ఎండ ఎక్కుతున్నప్పుడు కూడా వస్తున్నాయి, కాకపోతే పగటి చప్పుళ్ళలో వాటిని పట్టించుకునేవాళ్ళు లేరు.

రేకులు దిగ్గొట్టే మేస్త్రీని పిలిచి చూపించాను. ఆయన నిచ్చెన ఎక్కి ఒక్క నిమిషంలో దిగాడు. “మేకులు బిర్రుగా కొట్టేశారు సార్. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. జరగడానికి సందులేక పెట్లుతుంది” అన్నాడు. లెక్క వేసి చూశాను. ఇనుము ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పదిలక్షల్లో సుమారు 12 వంతులు సాగుతుంది. పది అడుగుల రేకు, అంటే మూడు మీటర్లు, ముప్పై డిగ్రీలు చల్లబడితే ముడుచుకునేది దాదాపు ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరు మేకు దగ్గర పట్టుకుని పట్టుకుని ఒక్కసారి జారితే ‘టప్’మంటుంది.

గుడుగుడుప్పాండి చెప్పినదాంట్లో సగం నిజమే. శబ్దం అత్తతోబాటే వచ్చింది. ఆమెకోసమే ఆ రేకులు వేయించాం గనుక.

మేస్త్రీ నోట ‘పెట్లుతుంది’ అన్న మాట విన్నప్పుడు నాకు అవ్వ గుర్తుకొచ్చింది. ఆయనదీ మా వైపే, ఇంట్లో తెలుగే. ‘పెట్లు’ అంటే వేడికో ఒత్తిడికో టప్పుమని పగలడం, పేలడం. మందుగుండులో కలిపే సూరేకారానికి పెట్లుప్పు అనే పేరు అలా వచ్చిందే. అవ్వ చెప్పిన మాటలో తట్టే మనిషి లేడు. వేడి ఉంది, వస్తువు ఉంది. నేను దాన్ని వీధిలోకి మోసుకుపోయి ‘తట్టరాంగ’ అన్నాను. మనిషి వచ్చి చేరాడు. తప్పు తమిళానిది కాదు. తమిళంలో ‘వెడిక్కుదు’ అనే నిక్షేపమైన మాట ఉంది. అది వెతుక్కునే పాటి నిదానం నాకు లేకపోయింది. నోటికి ముందు ఏది వస్తే అది అనేశాను.

అమెరికా పండితుడు ఎమెనో 1969లో ఒక వ్యాసం రాశాడు. చప్పుళ్ళను అనుకరించే జంటపదాలు మన దేశపు భాషలన్నిటికీ ఉమ్మడి సొత్తు అని అందులో చూపించాడు. పెటపెట, కిర్రుకిర్రు, గుడగుడ, దబదబ, టపటప. ఇవి పిల్లల ఆటమాటలు కావు. కిర్రుమంటే రాపిడి, గుడగుడమంటే లోపలి కదలిక, పెటపెటమంటే వేడికి పగులు. మాటలోనే ఆరా సగం ఉంది. ఇప్పుడు మన పిల్లలు అన్నిటికీ కలిపి ‘ఏదో సౌండు’ అంటున్నారు. తెలుగు బడులు తగ్గిపోతున్నాయని మనం బాధపడేటప్పుడు ఈ మాటల్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా మనవి.

అత్త 1997లో కుప్పంలోనే పోయింది. నాకు జవాబు దొరికేసరికి పదకొండేళ్ళు ఆలస్యమైంది. నాయన ఉన్నాడు కాబట్టి నోటుపుస్తకం తీసుకుపోయి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని గళ్ళన్నీ చివరిదాకా చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ మేకులు కొట్టింది నేనే” అన్నాడు.

ఇంట్లో వింత శబ్దం వినబడితే దయచేసి ముందు వేళ రాయండి. ఎండో వానో రాయండి. ఆ శబ్దానికి మీ అవ్వ ఏ మాట వాడుతుందో అది రాయండి. ఇంట్లో ఉన్న మనిషి పేరు మాత్రం ఆ పుస్తకంలో రాయకండి.