అరెస్టుకు కాయితం ఉండాల

చంద్రగిరి అంటే బడి పుస్తకంలో రాయల కోట. మా మాలపల్లెకు మాత్రం కట్టెల అడివి, పోలీసు స్టేషను. కట్టెలమోపుతో మా అమ్మ గార్డు కంటబడితే గొడ్డలి పొయ్యేది, రసీదు వచ్చేది కాదు. కాయితం విలువ నాకు అక్కడ తెలిసింది.

2015 ఏప్రిల్ 7న మా మండలంలోని శేషాచలం అడివిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు 20 మందిని కాల్చి చంపింది. అందరూ తమిళ కూలీలే. జవ్వాది కొండల గిరిజనులూ వాళ్లలో ఉన్నారు. గొడ్డళ్లతో, రాళ్లతో మీదపడితే ఆత్మరక్షణకు కాల్చినామన్నారు పోలీసులు. ముందురోజే మనుషుల్ని బస్సులోంచి దించి పట్టకపోయినారని తప్పించుకున్నవాళ్లు చెప్పినారు.

వాదమంతా ఇక్కడే ఉంది. పట్టుకుంటే అది అరెస్టు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలంటుంది రాజ్యాంగం 22వ అధికరణం. సాక్షి సంతకంతో మెమో రాయాలని, అయినవాళ్లకు కబురు చెయ్యాలని డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

'దొంగలకు న్యాయమేంది సార్?' అని మా స్టాఫ్‌రూములోనే అడిగినారు. చెట్టు కొట్టినోడికి కూలి, అమ్ముకున్నోడికి కోట్లు. తూటా మాత్రం కూలోడికే! దొంగతనానికి శిక్ష వేసేది కోర్టు, తుపాకి కాదు.

చివరికి ఒక మృతుడి భార్య ఫిర్యాదు మీద చంద్రగిరి స్టేషన్లోనే పోలీసులపై హత్య, అపహరణ కేసు రాయక తప్పలేదు. ఒక్కో కుటుంబానికి 5 లక్షలు మధ్యంతర సాయం ఇవ్వాలని, సీబీఐ విచారణ జరగాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ చెప్పింది.

మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి రాయించిన కాయితం అది. మన బిడ్డల మీద చెయ్యేసేవాణ్ణి మనం ముందుగా అడగాల్సిందీ కాయితమే.