చర్చి గోడ మీద 1837

క్విబెక్‌లోని మా సెంట్ ఉస్టాష్ చర్చి ముందు నిలబడి తలెత్తి చూస్తే రాతి గోడలో గుంటలు కనిపిస్తాయి. 1837 డిసెంబరు 14న బ్రిటిష్ ఫిరంగులు కొట్టిన దెబ్బలవి. లోపలంతా కాలిపోయినా ముందుగోడ నిలిచింది. మిగతాది మళ్లీ కట్టారు. ఆ లోపలి ధ్వని ఎంత బాగుంటుందంటే, మాంట్రియల్ సింఫనీ ఆర్కెస్ట్రా ఇక్కడికే వచ్చి రికార్డింగులు చేసుకుంది.

ఈనాటి క్విబెక్‌ని అప్పట్లో లోయర్ కెనడా అనేవారు. 1791లో లండన్ దీనికి ఎన్నికైన శాసనసభను ఇచ్చింది. సభలో ఫ్రెంచివాళ్లదే మెజారిటీ. పైన మాత్రం గవర్నరు, నియమితుల కౌన్సిల్. అక్కడ ఇంగ్లిషు వర్తకుల మాట చెల్లేది. సభ పంపిన బిల్లుల్ని కౌన్సిల్ తొక్కిపెట్టేది. ఖజానా ఎవరి చేతిలో ఉండాలన్నది అసలు తగువు. 1834లో సభ స్పీకరు లూయీ జోసెఫ్ పాపినో వర్గం 92 తీర్మానాలు ఆమోదింపజేసి పంపింది. లండన్ మూడేళ్లు నాన్చి 1837 మార్చిలో కాదంది. పైగా సభ ఒప్పుకోకపోయినా ఖజానా సొమ్ము వాడుకోమని గవర్నరుకు అధికారమిచ్చింది. ఓటేసి గెలిపించిన జనానికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఆ కోపం ఆ ఏడాది చివర్లో తిరుగుబాటైంది. మా ఊళ్లో తిరుగుబాటుదారులైన పాత్రియోట్ల నాయకుడు జాన్ ఒలివియే షెనియే, 31 ఏళ్ల డాక్టరు. డిసెంబరు 14న మా ఊరి పక్క మిల్ ఈల్ నది గడ్డకట్టి ఉంది. అవతలి గట్టున ప్రభుత్వం తరఫు వాలంటీర్లు కనిపిస్తే, వచ్చింది వాళ్లేననుకుని షెనియే మనుషులతో మంచు మీదికి దిగాడు. కానీ బ్రిటిష్ జనరల్ కోల్బోర్న్ వెయ్యిమందికి పైగా సైనికులతో అప్పటికే సెంట్ రోజ్ దగ్గర నది దాటి మా గట్టుకే వచ్చేశాడు. ఫిరంగులు పేలగానే చాలామంది చెదిరిపోయారు. పాత్రియోట్ల సేనాపతి అమ్యూరీ జిరో ఊరు వదిలి పారిపోయాడు. మిగిలిన రెండొందల పైచిలుకు మంది చర్చిలో, కాన్వెంటులో, ఫాదరీ ఇంట్లో, జమీందారు ఇంట్లో తలుపులు బిగించుకున్నారు. తుపాకులు లేవన్నవాళ్లతో, చచ్చినవాళ్లవి తీసుకోండని షెనియే అన్నాడని చెప్పుకుంటారు. సైనికులు వెనకవైపు నుంచి చొరబడి చర్చికి నిప్పుపెట్టారు. షెనియే కిటికీలోంచి దూకాడు. తుపాకి గుండుకు బయటే పడిపోయాడు. పాత్రియోట్లలో దాదాపు 70 మంది పోయారు. తరవాత ఎదురు తిరగకుండానే లొంగిన పక్క ఊరు సెన్ బెన్వాను కూడా తగలబెట్టారు. అది నేటికీ క్షమించరాని పని.

దీన్ని ఫ్రెంచి, ఇంగ్లిషుల పోరాటమని ఒక్కమాటలో చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. నది అవతలి వాలంటీర్లను నడిపించిన మాక్సిమిలియన్ గ్లోబెన్స్కీ ఫ్రెంచి మాట్లాడే మా ఊరివాడే. మా ఫాదరీ పాకెన్ తిరుగుబాటు వద్దని ప్రాధేయపడ్డాడు. అంతకు మూడు వారాల ముందు సెన్ డెనీలో బ్రిటిష్ దళాన్ని వెనక్కి కొట్టిన వుల్ఫ్రెడ్ నెల్సన్‌దేమో ఇంగ్లిషు కుటుంబం. భాష ఆ తగువులో మొదటినుంచీ ఉంది, నిజమే. దాన్ని అసలు గాయంగా మార్చింది ఓటమి తరవాతి రాజకీయం. తిరుగుబాటు మీద విచారణకు లండన్ నుంచి వచ్చిన లార్డ్ డరమ్, ఫ్రెంచివాళ్లు ఇంగ్లిషులో కలిసిపోవడమే మందని 1839 నివేదికలో రాశాడు. 1841లో లోయర్, అప్పర్ కెనడాలను కలిపేసి శాసనసభ అధికార పత్రాల్లోంచి ఫ్రెంచిని తీసేశారు. అది తిరిగి రావడానికి 1848 దాకా పట్టింది. 1953లో భాష కోసం రాష్ట్రం తెచ్చుకున్న మన తెలుగువాళ్లకు ఆ ఏడేళ్ల బరువు ఒకరు చెప్పనక్కర్లేదు.

తిరుగుబాటుదారుడని షెనియేకి చర్చి పవిత్రభూమిలో చోటు ఇవ్వలేదు. ఆయన అవశేషాలను మా ఊరి శ్మశానంలో సమాధి చేసింది 1987లో, 150 ఏళ్లకు!

మే 25కి ముందు వచ్చే సోమవారం కెనడాలో విక్టోరియా రాణి పేరిట సెలవు. క్విబెక్‌లో 2003 నుంచి అదే రోజు పాత్రియోట్ల దినం. ఇక్కడ ఫ్రెంచి బడుల్లో చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఆ రోజు సెలవు ఎందుకో చెప్పండి. షెనియే గురించి చెప్పండి, గ్లోబెన్స్కీ గురించీ చెప్పండి.